రిజిస్టరులో 'ఏ' గ్రేడు, చేతికి పుస్తకమిస్తే మౌనం: మండలంలో 34 బడులు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగినవారు: అదనపు బాధ్యతల ఎంఈఓ (మండల విద్యాధికారి)

అందరికీ నమస్కారం. నేను ఉమ్మడి నల్లగొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్‌ఎంని. 2024 సెప్టెంబరులో మండలానికొక సీనియర్ హెచ్‌ఎంకి ఎంఈఓ బాధ్యతలు ఇచ్చినప్పుడు నాకూ ఇచ్చారు. అంతకుముందు ఒక్క ఇన్‌ఛార్జే నాలుగైదు మండలాలు మోసేవారు, దానితో పోలిస్తే ఇది మేలే. చిక్కల్లా ఏమిటంటే నేను ఇరవై ఏళ్ళు పదో తరగతికి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఒకటో తరగతి పిల్లకి గుణింతం ఎలా ఎక్కుతుందో నాకు తెలియదు. ఇది మా సీఆర్పీల (బడులకి వెళ్ళి టీచర్లకి సాయం చేసే రిసోర్స్ పర్సన్ల) ముందు ఒప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

మండలంలో 34 బడులు. 26 ప్రైమరీ, 3 యూపీఎస్ (అప్పర్ ప్రైమరీ), 5 హైస్కూళ్ళు. మూడు కాంప్లెక్సులు (ఒక హైస్కూలూ దాని చుట్టుపక్కల బడులూ కలిసిన గుంపులు). పదకొండు బడుల్లో ఒక్కరే టీచరు. ప్రతి నెలాఖరుకీ వాట్సాప్‌లో ఒక షీటు వస్తుంది, "సిలబస్ పూర్తి శాతం" అని. పోయిన నెల 31 బడులు వంద శాతం పెట్టాయి. అందులో ఐదు తరగతులకీ ఒక్కరే ఉన్న బడులూ ఉన్నాయి. అంటే ఐదు తరగతుల పుస్తకాలన్నీ ఒక్క మనిషి నెలకి నెల పూర్తి చేసేస్తున్నారన్నమాట. నేను ఆ షీటుని అలాగే పైకి పంపాను. పంపక ఏం చేస్తాను.

ఎస్ఏ-1 (సమ్మెటివ్, అంటే పెద్ద పరీక్ష) అయిపోయాక ఒక ఊరి బడికి వెళ్ళాను. ఐదో తరగతిలో తొమ్మిది మంది. ఒక బాబుని తెలుగు పాఠం చదవమన్నాను. గడగడా చదివాడు, ఎక్కడా తడబాటు లేదు. సంతోషమేసింది. తర్వాత చూస్తే వాడి వేలు ఒక వరుస మీద ఉంది, నోరు ఇంకో వరుసలో ఉంది. మెల్లగా పేజీ తిప్పేశాను. అయినా ఆగలేదు, పాత పేజీనే చదువుతున్నాడు! అదే పాఠంలోంచి రెండు మాటలు బోర్డు మీద రాశాను. "పలక" చదివాడు. "స్నేహితులు" దగ్గర ఆగి, నా మొహంలోకి చూసి, తల దించుకున్నాడు.

రిజిస్టరు తెప్పించాను. ఎఫ్ఏ-2 (ఫార్మేటివ్, అంటే మధ్యలో టీచరు పెట్టే చిన్న పరీక్ష) తెలుగు 50కి 41, 'ఏ' గ్రేడు.

మేడమ్‌ని పక్కకి పిలిచి అడిగాను, గట్టిగా కాదు. ఆవిడ అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "సార్, సీ వేస్తే ఎందుకొచ్చిందని ఎంఆర్సీ (మండల రిసోర్స్ సెంటర్) నుంచే ఫోను వస్తుంది. ఏ వేస్తే ఎవరూ అడగరు." ఆ ఫోను చేసేది మా ఆఫీసే. ఒకటి రెండుసార్లు నేనే చేశాను కూడా.

నా ప్రశ్న ఇది. పాఠ్యాంశం, బోధన, పరీక్ష మూడూ మూడు దార్లలో పోతున్నాయి. విద్యా క్యాలెండరు ఈ నెలకి ఈ పాఠాలు అంటుంది. తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కణ్ణించి మొదలుపెట్టమంటుంది. ఎస్ఏ పేపరు మాత్రం పుస్తకంలోంచే వస్తుంది. మధ్యలో టీచరు. మండల స్థాయిలో నా చేతిలో నిజంగా ఏముంది? మండలమంతటికీ ఎఫ్ఏ పేపరు ఒకటే పెడదామా అని ఆలోచిస్తున్నాను. ఎవరైనా చేసి చూశారా?

---

జవాబు: ఐదు తరగతులు ఒక్కతిని

సార్, మీరు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ నిజమే రాస్తాను. వంద శాతం పెట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఉదయం ఫోన్‌లో మొహం చూపించి హాజరు, పిల్లల హాజరు యాప్‌లో, మధ్యాహ్న భోజనం లెక్క ఇంకో యాప్‌లో. సిగ్నల్ కోసం చింతచెట్టు కిందికి వెళ్ళాలి. అక్కణ్ణించి తరగతి గది కనబడుతుంది కాబట్టి సరిపోయింది. బీఎల్వో (ఓటర్ల జాబితా) పని నాదే. 2024 నవంబరులో కులగణనకి ఎస్జీటీలందరం (ప్రైమరీ టీచర్లం) వెళ్ళాం, ఆ రోజుల్లో ప్రైమరీ బడులు ఒంటిపూటే నడిచాయి. ఆ నెల సిలబస్ శాతం ఎంత పెట్టానని అడగకండి.

నా విన్నపం ఒక్కటే. ఏం చేసినా కొత్త రిజిస్టరు మాత్రం పెట్టకండి. మంచి ఉద్దేశంతో పెట్టిన రిజిస్టర్లు నా బీరువాలో ఇప్పటికే పద్నాలుగు ఉన్నాయి. ఉమ్మడి పేపరు కూడా వద్దు. పేపరు మండలం నుంచి వస్తే ముందు రోజు రాత్రే గ్రూపుల్లో తిరుగుతుంది, మేము దాన్నే పిల్లలచేత రాయించి ప్రాక్టీస్ చేయిస్తాం. నేనూ చేయిస్తాను, దాపరికం దేనికి.

---

జవాబు: రిటైరైన ఎంఈఓ, పాలమూరు

సార్, పైన మేడమ్ రాసింది రెండుసార్లు చదవండి. మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

నేను ఎస్జీటీగా చేరి, స్కూల్ అసిస్టెంటై, హెచ్‌ఎంగా, తర్వాత ఎంఈఓగా చేసి దిగిపోయాను. మీకున్న జబ్బే నాకూ ఉండేది, సంఖ్యల జబ్బు. బడికి వెళ్తే రిజిస్టరు అడిగేవాణ్ణి, పిల్లవాణ్ణి అడిగేవాణ్ణి కాదు. చివరి మూడేళ్ళు పద్ధతి మార్చుకున్నాను. అది చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

మొట్టమొదట ఆ ఫోను ఆపండి. కాంప్లెక్స్ మీటింగులో నిలబడి నోటితో చెప్పండి, "ఈ ఏడాది సీ గ్రేడు వచ్చిందని నా ఆఫీసు నుంచి ఎవరికీ ఫోను రాదు, మెమో రాదు" అని. మొదటి నెల ఎవరూ నమ్మరు. నా దగ్గర ఒక్క బడి నమ్మింది, అదీ రిటైర్మెంటుకి ఆరు నెలలున్న సారు, ఆయనకి పోయేదేముంది. ఆ బడిలో పదకొండు మందికి సీ వచ్చింది. నేను ఆ బడికి వెళ్ళి, ఆయనతో టీ తాగి, ఒక్క మాట కూడా అడగకుండా వచ్చేశాను. ఆ సంగతి వారంలో మండలమంతా పాకింది. ఎఫ్ఏ-3కి మార్కులు దిగాయి. జిల్లా నుంచి నాకు ఫోనొచ్చింది, "మీ మండలం ఎందుకు పడిపోయింది" అని. ఆ తిట్లు తినడానికే మనకి ఈ కుర్చీ ఇచ్చారు సార్. అవి కింద దాకా పోనివ్వకండి, చాలు.

రెండోది, ఆ షీట్లు ఆగవు. పైవాళ్ళు అడుగుతారు, పంపాల్సిందే. కానీ మీ కోసం వేరే ఒక కాగితం ఉంచుకోండి. మేడమ్ భయపడకండి, అది టీచర్లు నింపేది కాదు. నా జేబులో లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఒక్కో బడికి ఒక పేజీ. అందులో శాతాలు రాయలేదు, పిల్లల పేర్లు రాశాను. బడికి ఐదుగురు. పేరు పక్కన వాడు ఎక్కడ ఆగాడో: "గుణింతం వచ్చు, ఒత్తులు రావు", "పదాలు చదువుతుంది, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతోంది", "ప్లస్ వచ్చు, మైనస్ గుర్తు చూడడు". నెలన్నర తర్వాత మళ్ళీ వెళ్ళి అదే ఐదుగుర్ని కూచోబెట్టుకునేవాణ్ణి. టీచర్లకి కూడా తెలిసిపోయింది, ఈయన వస్తే రిజిస్టరు అడగడు, ఫలానా పిల్లని అడుగుతాడని. ఆ ఐదుగురికే చెప్పి మిగతావాళ్ళని వదిలేశారా అంటే, కొందరు వదిలేశారు. అందుకని రెండోసారి వెళ్ళినప్పుడు ఐదుగుర్లో ఇద్దర్ని మార్చేవాణ్ణి.

మూడోది కాంప్లెక్స్ సమావేశం. కొఠారి కమిషన్ 1964-66లో స్కూల్ కాంప్లెక్స్ గురించి చెప్పింది హైస్కూలూ దాని చుట్టుపక్కల చిన్న బడులూ ఒకదాన్నొకటి ఆసరా చేసుకోవాలని. మనం దాన్ని సర్క్యులర్లు చదివి, సమోసా తిని, సంతకం పెట్టి వెళ్ళే చోటుగా మార్చుకున్నాం. ఒకసారి నాకు విసుగొచ్చి, "రేపు ఎవరూ ప్రొఫార్మాలు తేవద్దు, మూడో తరగతి లెక్కల జవాబు పత్రాలు తెండి" అన్నాను. అరవై చిల్లర వచ్చాయి. హైస్కూల్ హాల్లో చాప పరిచి, ఒక్క లెక్కనే చూశాం. 42 లోంచి 17 తీసివేయి. అప్పు తెచ్చుకునే తీసివేత.

జవాబు 25. సగానికి పైగా 35 వేశారు. మా టీచర్లందరూ ఒకే మాట, "అప్పు తెచ్చుకోవడం రాలేదు సార్, మళ్ళీ చెప్తాం." నేనూ తలూపాను. ఒక మూల కూచున్న ఎస్జీటీ అమ్మాయి, చేరి రెండేళ్ళు కూడా కాలేదు, "సార్, ఈ 35 రెండు రకాలు కావచ్చు కదా" అంది. ఏమిటా రెండు రకాలంటే, ఒక పిల్లవాడు అప్పు జోలికే పోడు. ఒకట్ల స్థానంలో 2, 7 కనబడితే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తాడు, 5. పదుల్లో 4 లోంచి 1 తీస్తే 3. మొత్తం 35. ఇంకో పిల్ల అప్పు తెచ్చుకుంటుంది, 12 లోంచి 7 తీస్తే 5. కానీ పదుల్లో 4 ని 3 చేయడం మరిచిపోతుంది, 4 లోంచి 1 తీస్తే 3. దానికీ 35. జవాబు ఒకటే, తప్పులు రెండు. మొదటివాడికి పుల్లల కట్ట విప్పి చూపించడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. రెండో పిల్లకి చాలావరకు వచ్చేసింది, ఒక్క మెట్టు మిగిలింది. ఇద్దరికీ కలిపి "మళ్ళీ చెప్తాం" అంటే ఒకరికి అర్థం కాదు, ఇంకొకరికి విసుగు.

అదే లెక్కని 52 లోంచి 18 అని ఇచ్చి ఉంటే? మొదటివాడు 46 వేస్తాడు, రెండో పిల్ల 44 వేస్తుంది. సరైనది 34. కాగితం చూడగానే రెండు కుప్పలు వేరైపోతాయి, పిల్లల్ని పిలిచి అడగాల్సిన పని కూడా ఉండదు. నేను ముప్పై ఏళ్ళు ప్రశ్నపత్రాలు తయారు చేశాను సార్. ఒక అంకె మారితే ఇంత తేడా వస్తుందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. సమోసాలు చల్లారిపోయాయి, ఎవరూ లేవలేదు.

కాబట్టి ఉమ్మడి పేపరు వద్దు. కావాలంటే ఎఫ్ఏలో రెండు మూడు ప్రశ్నలు అన్ని బడులకీ ఒకటే ఉంచండి, అలా ఏరి కోరి పెట్టినవి. మిగతా స్లిప్ టెస్టు (ఎఫ్ఏలోని చిన్న రాత పరీక్ష) టీచరిష్టం. ఎఫ్ఏ అంటేనే టీచరు తన పిల్లల కోసం పెట్టుకునేది.

క్యాలెండరు, తొలిమెట్టు గొడవ గురించి: అవి రెండూ కొట్టుకుంటాయనడంలో మీరన్నది నిజమే. 2022 ఆగస్టు 15న తొలిమెట్టు మొదలైనప్పుడు వారంలో ఐదు రోజులు బోధన, ఆరో రోజు మదింపు అన్నారు, బాగానే ఉంది. నా మటుకు నేను పాఠాల్ని రెండు రకాలు చేసుకున్నాను, నాలుగు రోజులు నిలబడాల్సినవి, కథలా చెప్పి దాటేయాల్సినవి. మూడో తరగతిలో తీసివేత దగ్గర నిలబడాలి. అన్నీ సమానంగా సాగదీస్తేనే జూన్ నుంచి ఏప్రిల్ దాకా పరుగు. ఏవి నిలబడాల్సినవో మీరు ఒక్కరే నిర్ణయించకండి. మీ మండలంలో బాగా చెప్పే ఎస్జీటీలు ముగ్గురు నలుగురు ఉంటారు, వాళ్ళు ఎవరో మీ సీఆర్పీలకి తెలుసు. వాళ్ళని కూచోబెట్టండి. మీకు ప్రైమరీ తెలియదన్నారు కదా, ఆ మాట వాళ్ళ ముందే అనండి. గౌరవం తగ్గదు.

---

జవాబు: డాలస్ పక్కన మూడో తరగతి టీచర్

పుట్టి పెరిగింది గుంటూరు, ఇక్కడ ఒక పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్లో చెప్తున్నాను. మాస్టారు రాసిన 35 సంగతి చదివి మా క్లాసు కాగితాలు తీసి చూసుకున్నాను. ఆ రెండు రకాలూ ఉన్నారు.

ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఎన్నికైన బోర్డు, దాని కింద పాఠ్యప్రణాళికకి ప్రత్యేకంగా ఒక ఆఫీసు. ఏం నేర్పాలో రాష్ట్రం, అంటే టెక్సస్, చెప్తుంది, దాన్ని టీక్స్ (TEKS) అంటారు. ఏ వారం ఏది అన్నది డిస్ట్రిక్ట్ రాసిస్తుంది. మూడో తరగతి నుంచి స్టార్ అనే రాష్ట్ర పరీక్ష, రీడింగ్, లెక్కలు. బయటినుంచి చూస్తే అన్నీ అతికినట్టు ఉంటాయి. మీరు కోరుకుంటున్నది ఇదే అనిపించవచ్చు.

లోపల ఎలా ఉంటుందంటే, ఆ వారాల పట్టిక ఎవరి కోసమూ ఆగదు. నా పిల్లలకి భిన్నాలు రాకపోయినా సోమవారం వచ్చేసరికి నేను తర్వాతి యూనిట్‌లో ఉండాలి. పరీక్ష ముందు వారాల తరబడి ప్రాక్టీస్ పేపర్లే. దీని మీద గోల పెరిగి 2025లో చట్టం చేశారు, 2027-28 నుంచి స్టార్ తీసేసి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెడతారట. ఒక పెద్ద టెన్షన్ పోయి మూడు చిన్న టెన్షన్లు వస్తాయని మా స్టాఫ్ రూమ్ జోకు.

ఒక్కటి మాత్రం ఇక్కడిది నాకు ఇష్టం. వారానికోసారి మూడో తరగతి టీచర్లమందరం కూచుంటాం, ఎవరి క్లాసుకి ఎంత వచ్చిందన్నది పక్కనపెట్టి, ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పు చేశారన్నదే మాట్లాడుకుంటాం. క్లాసుల పేర్లు రావు. ఆ ప్రశ్న బాగా చేయించిన టీచరు ఎలా చెప్పారో చెప్తారు. మీ దగ్గర ఏకోపాధ్యాయ బడులు కాబట్టి మీకు ఆ కూచునే చోటు కాంప్లెక్స్ సమావేశమే.

---

జవాబు: ఎస్జీటీ, ప్రకాశం జిల్లా

మాకు ఆంధ్రాలో 2025-26 నుంచి అసెస్‌మెంట్ పుస్తకాలు వచ్చాయి. ఎఫ్ఏలు, ఎస్ఏలు అన్నీ విడి కాగితాల మీద కాకుండా ఆ పుస్తకంలోనే రాయాలి. దిద్దడానికి ఇంటికి మోసుకెళ్ళాలంటే బండి మీద బస్తానే. మా ఆయన "ధాన్యమా" అని అడిగాడు. తిట్టుకున్నాం, ఇప్పటికీ తిట్టుకుంటున్నాం.

కానీ ఒక లాభం ఉంది. పోయిన నెల ఒకమ్మ వచ్చి, మా వాడికి ఏమీ రావట్లేదని గొడవ పెట్టుకుంది. మాటలతో పని లేకుండా పుస్తకం తీసి మొదటి ఎఫ్ఏ పేజీ, ఆ నెల పేజీ పక్కపక్కన చూపించాను. ముందు ఖాళీ పేజీలో పేరొక్కటే ఉంది, అదీ ఒక అక్షరం తిరగబడి. ఇప్పుడు నాలుగు వాక్యాలు, తప్పులతోనే. ఆవిడ చదువుకోలేదు, అయినా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మీ దగ్గర అలాంటి పుస్తకాలు లేకపోతే, ఎఫ్ఏ కాగితాలు పారేయకుండా ఒక్కో పిల్లకి దారంతో కుట్టి ఉంచమనండి. కొత్త రిజిస్టరు కాదు మేడమ్, ఉన్న కాగితాలే.

---

అడిగినవారు మళ్ళీ

అందరికీ ధన్యవాదాలు. నాలుగు వారాలైంది, ఏం చేశానో రాస్తున్నాను.

ఫోన్లు ఆపేశాం. నిజానికి ఆపడం తేలిక కాలేదు. మా ఆఫీసులో ఎంఐఎస్ (కంప్యూటరు లెక్కలు) చూసే తమ్ముడికి తక్కువ గ్రేడ్లు ఎర్ర రంగులో చూపించేలా షీటు కట్టుకుని ఉంది, ఎర్రది కనబడితే అలవాటుగా ఫోను చేసేస్తున్నాడు. రంగు తీయించాను.

మొదటి కాంప్లెక్స్ సమావేశంలో 52-18 పెట్టాం. సమావేశానికి ముందు రోజు బళ్ళలో ఆ ఒక్క లెక్కనే ఇవ్వమన్నాను. నాలుగో తరగతి కాగితాలు 73 వచ్చాయి. 34 వేసినవాళ్ళు 29 మంది. 46 కుప్ప పెద్దది, 44 కుప్ప చిన్నది, మిగతావి ఇంకోలా ఉన్నాయి. ఒక అమ్మాయి 70 వేసింది, అంటే కూడేసింది. ఇంకొకడు బొమ్మ గీశాడు, ఎద్దు బొమ్మ, బాగానే ఉంది. మా వాళ్ళు నవ్వారు, కానీ మొదటిసారి ఎవరూ గడియారం చూడలేదు. హైస్కూల్ లెక్కల సారు ఒకాయన, "మా ఎనిమిదో తరగతిలో కూడా 46 వేసేవాళ్ళు ఉంటారు" అని మర్నాడు ఇచ్చి చూశారట. ఉన్నారు, ఆరుగురు.

ఒకటి మాత్రం పారలేదు. పిల్లల్ని కూచోబెట్టుకుని చూసి రమ్మని సీఆర్పీలని కాంప్లెక్సులు మార్చి పంపితే, కొన్ని బడుల్లో "మమ్మల్ని తనిఖీ చేయడానికి వచ్చారా" అన్నారు. ఆ పని నేనే చేద్దామంటే హైస్కూలు ఎవరు చూస్తారు? వారంలో ఒక పూట మాత్రం కుదురుతోంది. నోట్‌బుక్ కొన్నాను, తొమ్మిది పేజీలు నిండాయి. మొదటి పేజీలో మొదటి పేరు ఆ "స్నేహితులు" దగ్గర ఆగిన బాబుది. మొన్న వెళ్తే ఇంకా అక్కడే ఆగాడు. కానీ ఈసారి పాఠం అప్పజెప్పలేదు, "సార్, ఇది రాదు" అన్నాడు. మేడమ్ ఎఫ్ఏ-3లో వాడికి సీ వేశారు.

ఒక సందేహం మిగిలింది. మండలంలో ఉర్దూ మీడియం ప్రైమరీ బడి ఒకటి ఉంది. అక్కడ లెక్కలు చూడగలను గానీ, చదవడం ఎలా వస్తోందో నాకు గానీ మా సీఆర్పీలకి గానీ తెలియదు. ఆ బడి పేజీ ఖాళీగా ఉంది. ఎవరైనా ఏం చేశారు?

---

జవాబు: రిటైరైన ఎంఈఓ, పాలమూరు

పక్క మండలంలో ఉర్దూ హైస్కూలు ఉంటే అక్కడి ఉర్దూ పండిట్ గారిని నెలకొక పూట అడిగి తెచ్చుకోండి, వాళ్ళ ఎంఈఓతో మీరే మాట్లాడి. నేను అలాగే చేశాను. ఆర్డరు కోసం జిల్లాకి రాయకండి, జవాబు వచ్చేసరికి ఏడాది అయిపోతుంది. ఆయన బస్సు చార్జీలు మీ జేబులోంచి ఇవ్వండి.

ఆ ఎద్దు బొమ్మ గీసిన పిల్లవాడిది ఏ బడి?